ప్రార్థనలో విన్న మాట

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క వాక్యం. ఇంగ్లీషులో, ఫోన్‌లో, బొటనవేళ్లతో టకటకా కొట్టిన వాక్యం. దాన్ని రాసింది నేనని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. అందుకే ఇలా చెప్పుకోవడం కూడా నాకు రోతగా ఉంది. అప్పుడు ఆ పని చేసిందీ ఇలా పేరు దాచుకునే.

మేముండేది నేపర్‌విల్‌లో. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. మా ఆయన పొద్దున్నే రైలెక్కి చికాగో వెళ్లిపోయేవారు. శనివారాలు కూడా ఆఫీసు పనే. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం, మంచులో ఎటూ పోలేక, దగ్గర్లోని చిన్న కాలేజీ జిమ్‌లో మగపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఉందంటే వెళ్లి కూర్చున్నాను. ఏలూరులో కాన్వెంటు స్కూల్లో చదివినప్పుడు నేను టీమ్‌లో ఆడేదాన్ని. ఎండకి కాలే సిమెంటు కోర్టు మీద అరికాళ్లు బొబ్బలెక్కేలా పరిగెత్తినదాన్ని. ఆ జిమ్‌లో బంతి నేలకి కొట్టుకునే చప్పుడు వినగానే, అమెరికా వచ్చాక మొదటిసారి, నాకు తెలిసిన చోటుకి వచ్చాననిపించింది. ఆ ఏడాది నుంచి ఆ జిమ్‌లో జరిగే ఒక్క హోమ్ గేమ్ కూడా మానలేదు.

ఆ చుట్టుపక్కల చిన్న కాలేజీలు కొన్ని కలిసి చలికాలమంతా తమలో తాము ఆడుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. టీవీలో రాదు. స్కాలర్‌షిప్పులు లేవు. ఆడే పిల్లలెవరూ తర్వాత పేరున్న ఆటగాళ్లు కారు, అకౌంటెంట్లో, టీచర్లో అవుతారు. కానీ దానికీ వీరాభిమానులున్నారు, వాళ్లు రాసుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. ఎవరు ఫస్ట్ వస్తారు, ఎవరి సెంటర్ బరువెక్కాడు, ఎవరి గార్డ్ ఒత్తిడికి చేతులెత్తేస్తాడు అని సీజన్ పొడుగునా అదే రచ్చ. ఎక్కువమంది రిటైరైన పెద్దమనుషులు. సంతలో ఎడ్ల పళ్లు పట్టి చూసినట్టు ఇరవయ్యేళ్ల పిల్లల్ని పట్టి చూసేవాళ్లు. అప్పుడు అది నాకు అసహ్యంగా అనిపించలేదు. నేనూ చేరాను, నేనూ పళ్లు పట్టి చూశాను.

ఒక మగ పేరు పెట్టుకున్నాను. అక్కడ నా యాస ఎవరికీ వినపడదు. నా చీర, నా వీసా ఎవరికీ కనపడవు. జోన్ డిఫెన్స్ గురించి నేను రాసిన పోస్టు చూసి ఎవరో ముసలాయన, ఈ మనిషికి ఆట తెలుసు అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో వారమంతా బతికాను. నవ్వొస్తోందా మీకు? నాకిప్పుడు రావడం లేదు.

మా తెలుగు చర్చిలో విమలక్క అని ఉంది. నర్సు. ఆమె కొడుకు జోయెల్ అదే కాలేజీలో చేరి టీమ్‌లోకి వచ్చాడు. మన పిల్లవాడు, బంతిని నడిపించే పాయింట్ గార్డ్, ఎంత సంబరపడ్డానో చెప్పలేను. విమలక్కకి ఆట అర్థమయ్యేది కాదు. నేనే ఆమెను కారెక్కించుకుని మ్యాచ్‌లకి తీసుకెళ్లేదాన్ని. ఏది ఫౌల్, ఏది కాదు అని పక్కన కూర్చుని చెప్పేదాన్ని. జోయెల్‌కి నాకంటే పెద్ద ఫ్యాన్ లేదని చర్చి అంతా అనుకునేవాళ్లు. ఆ ఫోరం సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

జోయెల్‌కి కాలేజీలో మూడో ఏడు. శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన కరుణక్క ఇంట్లో జరిగింది. కరుణక్కది పెద్ద నోరు, పెద్ద చెయ్యి. ఊరందరికీ వండి పెడుతుంది, ఊరందరి కబుర్లూ చెబుతుంది. నోట్లో నువ్వుగింజ నానదని ఆమె గురించి ఆమె ముందే అనేవాళ్లం, ఆమే అందరికంటే గట్టిగా నవ్వేది. ఆ రోజు ప్రార్థనాంశాలు చెప్పుకునేటప్పుడు విమలక్క ఏడ్చింది. జోయెల్‌కి పానిక్ ఎటాక్స్ వస్తున్నాయట. మ్యాచ్‌కి ముందు ఊపిరాడక బాత్రూమ్‌లో కూర్చుంటున్నాడట. కోచ్‌కి కూడా చెప్పలేదు, అమ్మకొక్కదానికే చెప్పాడు. ప్రార్థనలో చెప్పింది గడప దాటకూడదు. మాలో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేని కట్టుబాటు అది. అందరం ఆమె తల మీద చేతులుంచి ప్రార్థించాం. నేనూ ఉంచాను.

తర్వాతి వారం టీమ్ వరసగా ఓడింది. ఫోరంలో జోయెల్ మీద పడ్డారు. చివరి నిమిషంలో భయపడతాడు, దమ్ము లేదు, బెంచి మీద కూర్చోబెట్టాలి అన్నారు. నాకు ఒళ్లు మండింది. రాశాను. మీకేం తెలుసు, అతనికి పానిక్ ఎటాక్స్ ఉన్నాయి, కుటుంబానికి దగ్గరివాళ్ల ద్వారా నాకు తెలుసు, వాళ్లు ప్రార్థనలు చేయించుకుంటున్నారు, కొంచెం జాలి చూపండి అని.

వాణ్ణి వెనకేసుకు రావడానికే రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? అంత జాలే ఉంటే, కుటుంబానికి దగ్గరివాళ్ల ద్వారా నాకు తెలుసు అన్న ముక్క ఎందుకు? అది లేకపోయినా వాక్యం నిలుస్తుంది కదా? ఆ ముక్క కోసమే మిగతాదంతా రాశాను. లోపలి సంగతి తెలిసిన మనిషినని అనిపించుకోవడానికి ఒక తల్లి ఏడుపుని తీసుకెళ్లి నలుగురిలో పెట్టాను. పోస్టు పెట్టాక ఎంతమంది స్పందించారో చూడటానికి, కూర పొయ్యిమీద మాడుతున్నా ఫోన్ వదల్లేదు. అదీ నా జాలి.

కొందరు పాపం అన్నారు. ఒకడు నాకు థాంక్స్ చెప్పాడు. మర్నాడు భయం వేసి తీసేశాను, కానీ అప్పటికే వేరేవాళ్లు ఆ మాటల్ని తమ పోస్టుల్లో ఎత్తి రాసుకున్నారు.

ఆ సీజన్ ఆఖర్లో ప్రత్యర్థి కాలేజీ జిమ్‌లో మ్యాచ్. గెలిస్తే కాన్ఫరెన్స్ టోర్నమెంటుకి వెళతాం. విమలక్కని నేనే తీసుకెళ్లాను. చివర్లో ఫౌల్‌కి ఇచ్చే రెండు ఫ్రీ త్రోలు వేయడానికి జోయెల్ లైన్ దగ్గర నిలబడ్డాడు. అప్పుడు అక్కడి స్టూడెంట్లంతా లేచి, బ్రీత్ ఇన్, బ్రీత్ ఔట్ అని ఒక్క గొంతుతో అరుస్తూ, పెద్దగా ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టారు. జిమ్ మొత్తం ఊపిరి తీస్తున్నట్టుంది. విమలక్క నవ్వుతూ నన్నడిగింది, ఇది కూడా ఆటలో భాగమా అని. అవునన్నాను. జోయెల్ రెండూ మిస్ చేశాడు. బంతి చేతిలోంచి పోయాక కూడా వాడు అక్కడే నిలబడ్డాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. అప్పుడు విమలక్క నవ్వు ఆగిపోయింది. తల్లి కదా, ఆట తెలియకపోయినా కొడుకు ఊపిరి తెలుస్తుంది.

జోయెల్ ఆట మానేశాడు. రూమ్‌మేట్ ఎవరో ఫోరం చూపించాడట. నువ్వు నీ ఆంటీలందరికీ చెప్పావు అని తల్లి మీద అరిచి, సెలవులకి కూడా ఇంటికి రాలేదు. ఆమె ఆ రోజు మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కాబట్టి మాలో ఎవరో ఒకరు. ఎవరు?

కరుణక్క కూతురు చదివేది ఆ ప్రత్యర్థి కాలేజీలోనే. తల్లీకూతుళ్లు రోజూ గంటలకొద్దీ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. ఇంకేం కావాలి? మన టీమ్ ఓడాలని మనలో ఇంకెవరికుంటుంది అన్నారు మిగతా ఆడవాళ్లు. నా వైపు ఒక్కరు కూడా చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా కాదు. అనుమానం కరుణక్క మీదికి మళ్లిందని తెలిసిన రోజు నాకు హాయిగా నిద్రపట్టింది. ఇది రాస్తుంటే చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్ లాట్‌లో కరుణక్క నా కారు దగ్గరికి వచ్చింది. అంత చలిలో గ్లవ్స్ వేసుకోవడం కూడా మర్చిపోయింది.

"నీకు ఆ గేమ్ సంగతులన్నీ తెలుసు గదా," అంది. "ఆ సైట్‌లో ఎవరు పెట్టారో కనుక్కోవడం అవుద్దా?"

"అందరూ దొంగపేర్లతోనే రాస్తారక్కా. ట్రేస్ చేయలేం."

"మా పిల్ల నేను చెప్పలేదనే అంటంది. కానీ దాంతో రోజూ వాగుతానే ఉంటాను, ఏం వాగుతానో నాకే గుర్తుండదు. నా మీద నాకే నమ్మకం పోయిందమ్మా. నువ్వు చెప్పు, నేనే నోరు జారుంటానంటావా?"

"ఏమో అక్కా," అన్నాను. "ఎవరు చెప్పగలరు?"

ఫోరంలో రాసినదాన్ని తొందరపాటు అనొచ్చు, పొగరు అనొచ్చు. దీన్నేమంటారు? ఒక మనిషి తనమీద తనకు నమ్మకం పోయి, మిగిలిన కాస్త కోసం నా దగ్గరికి వస్తే, దాన్ని కూడా లాక్కున్నాను. కాదక్కా, నువ్వు చెప్పలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నీకెలా తెలుసు అని అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆమె అడిగే మనిషి కాదు. థాంక్స్ అని నా భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చే రోజు. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు, ఎవరి మీదైనా ఎవరికైనా ఏదైనా ఉంటే సరిచేసుకోండని పాస్టర్ గారు ప్రతి నెలా చెప్పినట్టే చెప్పారు. కరుణక్క లేచింది. అందరి ముందు విమలక్క దగ్గరికి నడిచి వెళ్లి, తెలిసో తెలియకో నా నోటి వల్లే జరిగుంటుంది, క్షమించమని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఆ రోజు భుజాలు తడుముకున్న మనిషి కాయ ముట్టలేదు. ముట్టినదాన్ని నేను, రెండో వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను. విమలక్క లేచి ఆమెను కౌగిలించుకుంది. చర్చి అంతా ఏడ్చింది. గొప్ప సాక్ష్యం అన్నారు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చింది. తీసుకున్నాను. నమిలాను, మింగాను.

ఎందుకు తీసుకున్నాను? పళ్లెం పక్కకి పంపేస్తే అందరూ చూస్తారని. అంతే. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

జోయెల్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. బాగానే ఉన్నాడంటారు. తల్లితో మాట్లాడుతున్నాడు, కానీ తన సంగతులు చెప్పడట. నేను ఫోరం మానేశాను. ఏదో త్యాగం చేసినట్టు కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా. అది తలుచుకుంటే మరీ అసహ్యం.

పోయిన శుక్రవారం ప్రార్థన మా ఇంట్లో. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి తన భర్త గురించి ఏదో చెప్పబోయి మధ్యలో ఆగింది. కరుణక్క వెంటనే లేచి కిచెన్‌లోకి వెళ్లిపోయింది. ఆమె ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తోంది. ఎవరైనా మనసులో మాట ఎత్తితే చాలు, గదిలో ఉండదు. వెనకే వెళ్లాను. సింకు దగ్గర నా గిన్నెలు తోముతోంది. ఎందుకక్కా అంటే, నేను వినకపోతేనే మంచిదమ్మా, విన్నది నా దగ్గర నిలవదు గదా అంది. మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. కూతురికి కూడా వారానికోసారే ఫోన్ చేస్తుందట, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుందట. ఊరందరి కబుర్లూ చెప్పి నవ్వించిన మనిషి. ఆ నోరు నేను మూయించాను. అప్పుడు కూడా నేను చెప్పలేదు. టవల్ అందించాను.

ఆమెకు చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను. ఇంతకుముందు చాలాసార్లు నాకు నేను ఇచ్చుకున్న మాటే అది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించడానికి మీకు జరిగిందేమీ లేదు. విమలక్కని అడుగుదామంటే, నాకివ్వాల్సిన క్షమ ఆమె ఆ రోజే ఇచ్చేసింది, వేరే మనిషికి.

కాబట్టి ఇక్కడ, ఒక్కసారి, ఉన్నదున్నట్టు రాస్తాను. జోయెల్ సంగతి బయటపెట్టింది నేను. కరుణక్క ఎవరికీ చెప్పలేదు. ఆమె దగ్గర ఆ మాట నిలిచింది.

రాసేశాను. గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక రావాల్సింది ఆమెకు. వచ్చింది నాకు.