నాజిల్ ఊదిన బాబాయి

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. అందులో పురుగుమందు కేసులు చూసే వార్డులో భార్గవి స్టాఫ్ నర్సు. అక్కడ పనిచేసిన వాళ్లెవరికైనా ఒక మాట కంఠతా వచ్చేస్తుంది. "మందు కొడుతుంటే గాలికి పట్టిందమ్మా." మిరపకు మందు కొట్టే రోజులు మొదలైతే చాలు, పేషెంటును మోసుకొచ్చిన అన్నదమ్ములు, పెళ్లాలు, బావమరుదులు అందరూ ఆ మాటే చెబుతారు. కావాలని తాగాడని చెబితే పోలీసులొస్తారు. పోలీసులొస్తే ఊళ్లో అవతలి పార్టీ వాళ్లు పండగ చేసుకుంటారు. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలుంటే సంబంధాలు రావు. అందుకని నేరమంతా గాలి మీదికి తోసేస్తారు. పల్నాడు గాలి మోసినన్ని నిందలు ఇంకే గాలీ మోసి ఉండదు.

నర్సులు ఎదురు చెప్పరు. "సరేనమ్మా" అంటూ మెల్లగా ఒకసారి తలూపుతారు. నమ్మలేదని వాళ్లకు అర్థం కావాలి, అలాగని మనసు కష్టపడకూడదు. భార్గవి ఆ తలూపడం మొదటి ఏడాదే నేర్చుకుంది. నాలుగేళ్లలో అది ఎంత అలవాటైందంటే, తను తలూపుతున్నట్టు తనకే తెలిసేది కాదు.

కారంపూడి దగ్గర ఊరు వాళ్లది. తండ్రి వెంకటరామయ్య ఒక్కసారి సర్పంచిగా చేశాడు. తర్వాత ఓడిపోయినా నడక మాత్రం సర్పంచిదే. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ నర్సింగు సీటు వచ్చిందని కూతురు చెబితే ఆయన ముఖం ముడుచుకున్నాడు. "సూదులేసేదానికి ఎమ్మెస్సీ ఏంది?" అన్నాడు. అప్పుడు అడ్డం పడింది ఆయన తమ్ముడు నరసింహారావే. పిల్లల్లేని మనిషి. భార్య కనకలక్ష్మి, మిరప చేను, భార్గవి, ఈ మూడే ఆయన లోకం.

"సూదులేసే వాళ్లకు నేర్పేది రేపు మన పిల్లే అన్నయ్యా. నర్సులకు నర్సు!" అన్నాడు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా టీ కొట్టు దగ్గర, ఎరువుల షాపు దగ్గర, అడిగిన వాడికీ అడగని వాడికీ అదే చెప్పాడు. భార్గవి బీఎస్సీ చదివిన నాలుగేళ్లూ సెలవులకు వచ్చినప్పుడల్లా బండి మీద బస్సు దాకా దింపింది ఆయనే. ఇప్పుడు పేటకెళ్లి నీలం రంగు సూట్‌కేసు కొనుక్కొచ్చాడు. అందులో భార్గవి పడుకున్నా పడుతుంది.

"ఇంత పెద్దదేంది బాబాయ్?"

"రెండేళ్లుండే దానివి. సముద్రం పక్కన ఊరు. తడి గుడ్డలు ఆరవంట. నాలుగు జతలు ఎక్కువ పట్టకపోతే ఎట్టా?" సముద్రం పక్కన గుడ్డలు ఆరవని ఆయనకు చెప్పిన మహానుభావుడెవరో ఎవరికీ తెలియదు.

ఆదివారం ప్రయాణం, సోమవారం కాలేజీలో చేరాలి. ఆ ముందు బుధవారం ఆస్పత్రిలో భార్గవి ఆఖరి డ్యూటీ. అల్ఫియా, మిగతా నర్సులు కేకు తెచ్చి దాచారు. దాన్ని కోయక ముందే కారు ఆగింది. వెనక సీట్లోంచి దింపిన మనిషి తన బాబాయి.

చొక్కా అంతా తడి. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లలో పాపలు సూదిమొనంత. చూడగానే భార్గవికి అంతా తెలిసిపోయింది. అల్ఫియా కేసు రాసుకుంటూ, "ఎట్టా జరిగింది?" అని అడిగింది.

"మందు కొడుతుంటే గాలికి పట్టిందమ్మా," అన్నాడు వెంకటరామయ్య.

అల్ఫియా ఒక్కసారి భార్గవి వైపు చూసింది. భార్గవి తల దించుకుని బాబాయి చొక్కా కత్తిరించసాగింది. ఆ క్షణంలో ఆమె మనసులో ఒకటే ప్రశ్న. ఎందుకు తాగావు బాబాయ్? నల్లతామర పురుగు పట్టి మిరప ఆకులన్నీ ముడుచుకుపోయాయని తెలుసు. ఆ చేను విషయమై అన్నదమ్ములిద్దరూ మాటా మాటా అనుకున్నారని కూడా తెలుసు. ఆ రెండూ కలిపి ఆమె తీర్పు చెప్పేసుకుంది. ఏ ఊరి టీ కొట్టు కబుర్లైనా అంతకంటే తొందరగా తేల్చేవి కావు.

సబ్బుతో ఒళ్లంతా కడిగారు. ఇంజక్షన్లు పడ్డాయి. మర్నాటికి నరసింహారావు కళ్లు తెరిచి కాఫీ అడిగాడు. డాక్టరు మాత్రం వెంకటరామయ్యను పక్కకు పిలిచి చెప్పాడు. చెమటలు తగ్గినా, మాట్లాడుతున్నా ఈ మందును నమ్మడానికి లేదని, మూడు నాలుగు రోజుల తర్వాత కూడా మెడ వాలిపోయి ఊపిరి అందకుండా పోవచ్చని, వచ్చే వారం దాకా కదిలించొద్దని. అందుకే ఆ వార్డులో పూటపూటకీ పేషెంటును దిండు మీంచి తల ఎత్తమని అడుగుతారు. ఎత్తగలిగితే సరే. ఎత్తలేకపోతే పరుగే.

డ్యూటీ అయిపోయినా భార్గవే వచ్చి అడిగేది. "బాబాయ్, తల ఎత్తు."

ఎత్తేవాడు. "ఓట్ల రీకౌంటింగు లాగా పూటపూటకీ ఈ తల లెక్కేందే?" అని నవ్వేవాడు. ఒకసారి నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు. "ఏమే, నువ్వన్నా నమ్మావా? నేను తాగలా. స్ప్రేయరు నాజిల్‌కు చెత్త అడ్డం పడితే నోటితో ఊదా. అంతే."

భార్గవి దుప్పటి సర్దింది. "నమ్మాన్లే బాబాయ్. పడుకో," అంది. అని, తలూపింది.

నరసింహారావు ఆ తలూపడం చూశాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బాబాయి మీద ప్రేమ లేక కాదు, వంద అబద్ధాలు విన్న చెవి అది. నూటొకటో మాట నిజమని దానికెలా తెలుస్తుంది? తెలియాలి. సొంత మనిషి మాట తెలియకపోతే ఇంకెవరిది తెలుస్తుంది?

ఊళ్లో సంగతి వేరేగా నడుస్తోంది. అన్న తిట్టాడని తమ్ముడు మందు తాగాడట. అవతలి పార్టీ వాళ్లు రచ్చబండ దాకా తెచ్చారు. ఈపూరు నుంచి కనకలక్ష్మి అన్నలు దిగి, "మా బావను ఏమన్నావు?" అని వెంకటరామయ్యను గుమ్మంలోనే నిలదీశారు. సర్పంచి నడక నడిచే మనిషికి అంతకంటే అవమానం లేదు.

శుక్రవారం భార్గవి పేటలో దర్జీ దగ్గర తెల్ల యూనిఫాంలు సరిచూసుకుంటుంటే తండ్రి ఫోన్ చేశాడు.

"రేపు వాణ్ణి ఇంటికి తీసుకుపోదామనుకుంటున్నా. ఎల్లుండి నీ ప్రయాణానికి ఊరంతా వస్తది. మనిషి చొక్కా తొడుక్కుని నలుగురిలో కూర్చుంటే అందరి నోళ్లూ మూతపడతయ్. ఏమంటావ్?"

"డాక్టరు గారు వద్దన్నారుగా నాన్నా."

"ఆయనట్టాగే అంటాడు. పొద్దున నాలుగిడ్లీ తిన్నాడు. మీ ఆస్పత్రి పిల్లలతో సరసాలాడుతున్నాడు. వాడు కూడా నిన్ను సాగనంపాలనే అంటున్నాడు. వద్దన్నా తీసుకుపోతున్నట్టు సంతకం నేను పెడతా. నువ్వు వద్దంటే ఆపుతా, చెప్పు."

నిజంగానే ఆపేవాడు. కూతురి చదువును ఎంత తీసిపారేసినా రోగం విషయంలో ఆమె మాట దాటేవాడు కాదు. భార్గవి చేతిలో తెల్ల కోటు ఉంది. అలా మెడ వాలిపోయిన వాళ్లు ఈ నాలుగేళ్లలో చానా తక్కువ మందే. బాబాయి లేకుండా కారెక్కడం ఆమె ఊహించుకోలేకపోయింది. ఊళ్లో జనం తన చదువు ముచ్చట మానేసి బాబాయి మందు ముచ్చట చెప్పుకోవడం కూడా ఆమెకు గుచ్చుకుంటోంది.

"జాగ్రత్తగా తీసుకుపోండి నాన్నా," అంది.

శనివారం ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం భార్గవి సూట్‌కేసు సర్దుకుంటుంటే పిచ్చమ్మ వచ్చింది. మందు కొట్టే రోజుల్లో ట్యాంకుకు నీళ్లు పోసే కూలి మనిషి. గడప దగ్గరే కూర్చుని కళ్లొత్తుకుంది.

"వద్దయ్యా, నోటితో ఊదొద్దు, పుల్లతో పొడుద్దాం అన్నానమ్మాయ్. వినలా. రోజూ ఊదేదే గదే, ఏమైద్ది అన్నాడు. ఊదిన ప్రతిసారీ ఉమ్మేశాడు. వీపు మీద ట్యాంకు కారి చొక్కా మొత్తం తడిసింది. ఆ చొక్కాతోటే, ఆ చేతుల్తోటే గట్టు మీద కూర్చుని అన్నం తిన్నాడు. ఊళ్లో వాళ్ల నోళ్లు పడిపోను, ఆ మారాజు తాగాడంటమ్మాయ్!"

భార్గవి మడత పెడుతున్న చీర అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. పల్నాడులో మందు కొట్టే ఏ మనిషైనా నాజిల్ నోటితో ఊదుతాడు. తన తండ్రి ఊదుతాడు, తాత ఊదాడు. చిన్నప్పుడు చేలో ఆడుకుంటూ తనూ చూసింది. తెలిసి కూడా అడగలేదు. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. వెంటనే వెళ్లి, "నమ్మాను బాబాయ్, నిజంగా నమ్మాను," అని చెప్పాలనుకుంది. వెళ్లేసరికి ఆయన చుట్టూ చుట్టాలు. అడిగితే తల ఎత్తాడు, కొంచెం కష్టం మీద. అలసట అనుకుంది. పొద్దున చెప్పొచ్చులే అనుకుంది.

పొద్దున ఆ ఇల్లు పెళ్లిల్లు లాగా ఉంది. వెంకటరామయ్య తమ్ముణ్ణి ఇస్త్రీ చొక్కా తొడిగి వసారాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని, "చూశావుగా, ఎట్టా ఉన్నాడో!" అని చూపించాడు. నరసింహారావు చిన్నగా నవ్వుతున్నాడు. మాట ముక్కుతో వస్తోంది. మెడ నిలవడానికి కనకలక్ష్మి వెనక తువ్వాలు చుట్టి పెట్టింది. ఆ ఇంట్లో దాని అర్థం తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె లోపల సూట్‌కేసు తాళం వేసుకుంటోంది.

కారొచ్చింది. భార్గవి పెద్దవాళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చి, ఆఖరున బాబాయి కాళ్ల దగ్గర వంగింది. కనకలక్ష్మి ఆయన గుప్పిట్లో అక్షింతలు పోసింది. భార్గవి వంగే ఉంది. తల మీద ఏమీ పడలేదు. అక్షింతలు ఆయన వేళ్ల సందుల్లోంచి జారి ఆమె చేతుల మీద పడ్డాయి.

తలెత్తి చూసింది. బాబాయి గడ్డం గుండెలకు ఆనుకుపోయి ఉంది. కళ్లు మాత్రం పైకి, ఆమె వైపే చూస్తున్నాయి. వాటినిండా నీళ్లు.

"పాపం, పిల్ల పోతోందని ఏడుస్తన్నాడు," అంది ఎవరో ఆవిడ. ఆ మాట విని మరో ఇద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"బాబాయ్, తల ఎత్తు," అంది భార్గవి. "బాబాయ్! ఒక్కసారి తల ఎత్తు!"

ఎత్తలేదు. ఛాతీ పైపైన కదులుతోంది. అంబులెన్సు కోసం ఆగే వ్యవధి లేదు. తన కోసం వచ్చిన కారులోనే ఆయన్ను పడుకోబెట్టి తను తల దగ్గర కూర్చుంది. డిక్కీలో నీలం సూట్‌కేసు అలాగే ఉంది, దింపాలని ఎవరికీ తోచలేదు. ఊరు దాటాక ఊపిరి ఆగింది. ఆమె ఆయన ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టింది. ఈ జబ్బులో మనిషికి తెలివి ఉంటుంది. ఒళ్లు మాత్రమే మాట వినదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే ఊదిన ప్రతిసారీ ఆయన చెవిలో చెప్పింది. "నమ్మాను బాబాయ్." మళ్లీ ఊదింది. "పిచ్చమ్మ చెప్పక ముందే నమ్మి ఉండాల్సింది." మళ్లీ ఊదింది. ముందు సీట్లో వెంకటరామయ్య వెనక్కి తిరిగి చూడలేక రెండు చేతులతో డాష్‌బోర్డును పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన కళ్లు ఎప్పుడు చూడడం మానేశాయో ఆమెకు తెలియలేదు. ఆస్పత్రి గేటు దగ్గర అల్ఫియా వచ్చి భుజం పట్టుకుని లాగేదాకా ఊదుతూనే ఉంది.

పోలీసులొచ్చారు, పోస్టుమార్టం అయింది. ఇక ఊరికి సందేహమే లేకుండా పోయింది. తాగకపోతే ఎందుకు చస్తాడు? భార్గవి ఇంటింటికీ చెప్పింది, దినం నాడు వచ్చిన చుట్టాలకు చెప్పింది. ఈపూరు వాళ్లకూ చెప్పింది. నాజిల్ ఊదాడండీ, తాగలేదండీ అని. అందరూ ఆమె మాట ఓపిగ్గా విన్నారు. బాబాయి పరువు కోసం తాపత్రయపడుతున్న చదువుకున్న పిల్లను ఎవరు నొప్పిస్తారు? వెంకటరామయ్య ఇల్లు కదలడం మానేశాడు. ఆ శుక్రవారం ఫోనులో ఎవరేమన్నదీ కూతురు తండ్రికి గుర్తుచేయలేదు, తండ్రీ కూతురికి గుర్తుచేయలేదు. ఇద్దరికీ జ్ఞాపకమే.

ఫోన్లు చేసి బతిమాలితే కాలేజీ వాళ్లు కొన్నాళ్లు గడువిచ్చారు. విశాఖపట్నంలో దిగాక, నీలం సూట్‌కేసు గుమ్మం బయట పెట్టి, కాలేజీ ప్రిన్సిపాల్ మేడం గారి గదిలోకి వెళ్లింది. గుంటూరు వైపు మాట ఆవిడది, మంచి మనిషిలా ఉంది.

"ఎందుకింత ఆలస్యమైందమ్మా?"

"మా బాబాయి పోయారు మేడం. మిరపకు మందు కొడుతూ నాజిల్ అడ్డం పడితే నోటితో ఊదారు."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపింది. "ఏ ఊరు మీది?"

"కారంపూడి దగ్గర మేడం. పల్నాడు."

"సరేనమ్మా," అని ఆవిడ మెల్లగా తలూపింది.

"నిజంగానే మేడం. ఊదారు," అంది భార్గవి.

ఆవిడ జాలిగా చూసి మళ్లీ తలూపింది.