లెక్కల సారు దిగే స్టాపు

ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకున్నాక, మేం నలుగురైదుగురం పక్క సందులోని ఇరానీ హోటల్లో చేరి, ఆ వారం చదివినవాటి గురించి మాట్లాడుకునేవాళ్లం. నేను మొదలుపెడితే అందరి చాయ్ మీదా మీగడ కట్టేది. శిల్పం, దృక్పథం, అంతస్సంఘర్షణ పడకుండా నాకు వాక్యం పూర్తయ్యేది కాదు.

మాలో రిటైరైన లెక్కల సారు ఒకరుండేవారు. చాదర్‌ఘాట్ నుంచి సిటీ బస్సులో చదువుకుంటూ వచ్చేవారు. ఎప్పుడూ ఆలస్యమే. చెమట తుడుచుకుని, పుస్తకం బల్ల మీద పెట్టి, "నాంపల్లిల దిగిన," అనేవారు. అంటే పుస్తకంలో పడి ఆబిడ్స్ స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చారన్నమాట. పుస్తకం బాగుందన్నమాట. ఒకసారైతే, "మెహిదీపట్నం దాక పోయిన తమ్మీ, ఏం రాసిండు!" అన్నారు. ఆయన సమీక్ష అంతే. ఇదేం విమర్శ అని లోపల నవ్వుకునేవాణ్ణి.

నా కథల సంపుటి అచ్చయినప్పుడు మొదటి కాపీ ఆయనకే ఇచ్చాను. సంతకం పేజీ నిండా పెట్టాను. "బస్సులోనే చదవండి సార్," అని మరీ చెప్పాను. మెహిదీపట్నం ఏం సరిపోతుంది, గోల్కొండ దాకా వెళ్లిపోతారనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆగలేక అందరికంటే ముందే హోటల్‌కి వెళ్లాను. లెక్కల సారు అప్పటికే వచ్చి రెండో చాయ్ తాగుతున్నారు. నన్ను చూసి బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపారు.

"తిను తమ్మీ. ఇయ్యాల ట్రాఫిక్ అస్సలు లేకుండె."