లెక్కలో లేనివాళ్లు

మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న చల్లటి సర్వర్ గదిలోంచి వణుకుతూ బయటికి వచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని నుదుటికి తలనొప్పి బామ్ రాసుకుంది. ఆ ఘాటు నా దాకా వచ్చేసరికి తెరమీద చూస్తున్న అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ అమ్మాయి కంగారుపడి, వాసన పడదా సార్ అని అడిగింది. పడుతుందమ్మా, ఇక్కడ ఇదివరకు ఒకావిడ రోజూ రాసుకునేవారు అని చెప్పి, ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్లిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగిన పెద్దమనిషిని చూడడం కొత్తగా చేరిన పిల్లకి మంచిది కాదు.

రియాద్‌లో ఒక ఆసుపత్రి జన్యు పరీక్షల విభాగంలో నేను డేటా చూసే ఉద్యోగిని. మాకు రోగులు కనిపించరు. పై అంతస్తులో రక్తం తీస్తారు, యంత్రం అందులోని జన్యువులను చిన్న చిన్న ముక్కలుగా చదివి కిందికి పంపిస్తుంది. ఆ ముక్కలను కంప్యూటర్‌లో వరుసగా పేర్చి, ఎక్కడెక్కడ తేడాలున్నాయో పట్టుకోవడం మా పని. తేడాలు ప్రతి మనిషిలోనూ వేలకొద్దీ ఉంటాయి. వాటిలో చాలామటుకు ముక్కు వంకర లాంటివి, ఎవరికీ హాని చేయవు. ఏ ఒక్కటో ఒక ప్రొటీన్‌ను పాడుచేసి ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తుంది. ఆ ఒక్కటి ఏదో తేల్చడం నాకు నేర్పింది ఎస్తేరు మేడం. తేల్చలేనప్పుడు ఏం చేయాలో కూడా ఆమే నేర్పారు. అది నేర్పడానికి ఆమె చెల్లించుకున్నది తలచుకుంటే ఇప్పటికీ నా మనసు బాగుండదు.

మేడం మా సెక్షన్‌కు పెద్ద. ఊరు చీరాల. వాళ్ల అక్క రూతమ్మ గారు ఇక్కడ నర్సుగా చేస్తూ చెల్లెలిని పీహెచ్‌డీ దాకా చదివించారు. ఆ తర్వాత చెల్లెలూ ఇక్కడికే వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నాది జగిత్యాల దగ్గర పల్లె. మా నాన్న ఈ ఊళ్లోనే సులైలో లేబర్ క్యాంపులో ఉండి గోడలు కట్టి నన్ను చదివించాడు. అందుకని ఏసీ గదిలో కుర్చీ దొరకగానే నాకు కాస్త తల తిరిగింది. ఆ తల ఎంతోకాలం తిరగకుండా మేడం చూసుకున్నారు. "నీ 'గట్లనే' నాకు అర్థమయ్యేలోగా నా ఇకామా గడువు తీరిపోయేలా ఉందబ్బాయ్" అని మొదటిరోజే ఆటపట్టించారు. ఇకామా అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు.

చేరిన కొత్తలో ఒక పసివాడి కేసు నా చేతికిచ్చారు. ప్రొటీన్ ఎంతగా పాడవుతుందో అంచనా వేసే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అది ఒక తేడాకు చాలా పెద్ద మార్కు వేసింది. పైగా లక్షల మంది జన్యువులున్న విదేశీ జాబితాలో ఆ తేడా ఒక్కరిలోనూ లేదు. అంటే అరుదైనది, చెడ్డది. ఎగిరి గంతేసినంత పనిచేసి, దొరికింది మేడం అంటూ వెళ్లాను. ఆమె నుదుటిమీద బామ్ రుద్దుకుంటూ తెర వైపు చూడకుండానే, "ఈ లెక్కలో ఎవరున్నారు?" అని అడిగారు. నాకు ప్రశ్న అర్థం కాలేదు. అప్పుడు నన్ను కూర్చోబెట్టి ఆ జాబితా ఎవరి రక్తంతో తయారైందో చదివించారు. ఎక్కువమంది తెల్లవాళ్లు. ఈ ఎడారి మనుషులు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. మా జగిత్యాల వాళ్లు, వాళ్ల చీరాల వాళ్లు దాదాపు లేనట్టే.

"చేపల మార్కెట్టంతా తిరిగొచ్చి, ఊళ్లో మామిడిపండే లేదని చెప్పొచ్చా?" అన్నారు మేడం.

అప్పుడు నవ్వాను. ఆ మాట ఎంత నిజమో తెలిసిన తర్వాత మళ్లీ నవ్వలేదు.

ఒకసారి విదేశం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ మాకు ఉపన్యాసమిస్తూ, దగ్గరి బంధువులను పెళ్లాడటం అజ్ఞానమనీ, ముందు దాన్ని మాన్పించాలనీ చెప్పాడు. సౌదీ డాక్టర్లు మర్యాదకు ఊరుకున్నారు. మేడం లేచి, మా అమ్మ తన మేనమామనే చేసుకుంది, నేను మీ ముందే నిలబడ్డాను, ఇంకేం కావాలి అన్నారు ఇంగ్లీషులో. హాలంతా నవ్వింది. బయటికొచ్చాక మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. పెళ్లిళ్లు ఆపడం మన పని కాదు, తెలిసింది చెప్పడమే మన పని అని గట్టిగా అన్నారు. తనతో తానే వాదిస్తున్నారని నాకప్పుడు తెలియలేదు.

రంజాన్ నెలలో ఇక్కడ పనిగంటలు తక్కువ. కొత్త రక్తాలు తక్కువ వస్తాయి, యంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఆ నెలలో మేడం పాత కేసులన్నీ బయటికి తీయించి, కొత్తగా వచ్చిన సమాచారంతో మళ్లీ నడిపించేవారు. ఊరికే ఉన్న ప్రాణాన్ని ఎందుకు హింసించుకుంటారని మిగతా సెక్షన్ల వాళ్లు నవ్వుకునేవాళ్లు. ఒక ఏడాది, ఈ దేశపు ఆరోగ్యవంతుల జన్యువులతో తయారైన జాబితా మొదటిసారి మా చేతికొచ్చింది. ఆ రంజాన్‌లోనే ఒక పాత రిపోర్టు ముందు మేడం చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని దగ్గరికి వెళ్లాను. తెరమీద వేలు పెట్టి చూపించారు.

నేను రాకముందు ఆమె స్వయంగా తేల్చిన కేసు అది. ఒక ఇంట్లో పసిబిడ్డ గుండె కండరం బలహీనపడి చనిపోయింది. ఆ బిడ్డలో ఒక తేడా తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ వచ్చి ఉంది. విదేశీ జాబితాలో అది ఎవరికీ లేదు. ప్రోగ్రామ్ పెద్ద మార్కు వేసింది. అదే జబ్బుకు మూలమని రాశారు. ఆ బిడ్డ మేనత్తకు అప్పటికే చిన్నాన్న కొడుకుతో పెళ్లి కుదిరి ఉంది. మన వరసలో తమ్ముడో అన్నో అవుతాడు గానీ, వాళ్లలో అందరికంటే ముందు అడగాల్సిన వరుడు అతనే. ఇద్దరికీ పరీక్ష చేస్తే, ఇద్దరిలోనూ అదే తేడా ఒక్కో వైపు నుంచి వచ్చి ఉంది. పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదమని రిపోర్టు వెళ్లింది. పెళ్లి ఆగిపోయింది.

ఇప్పుడు కొత్త జాబితాలో అదే తేడా బోలెడుమందిలో కనిపిస్తోంది. రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో తాతలయినవాళ్లు ఉన్నారు, గుండెలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ తేడా ఉట్టి ముక్కు వంకర. బిడ్డ పోయింది మరేదో కారణంతో. ఆ అమ్మాయి పెళ్లి ఆగాల్సిన పనే లేదు.

సవరించిన రిపోర్టు రోగులను చూసే క్లినిక్ ద్వారా పంపిస్తే చాలని పైవాళ్లు చెప్పారు. ఆనాటి పద్ధతి ప్రకారం తప్పేమీ లేదని కమిటీ తేల్చింది. "పద్ధతి ప్రకారం తప్పు లేదు. కానీ తప్పు జరిగింది కదబ్బాయ్" అని, మేడం క్లినిక్ డాక్టర్ చేత ఆ ఇంటికి ఫోన్ చేయించి, తానే వస్తానని కబురు పెట్టారు. కారు నేను నడిపాను.

ఇంటి ముందు తలుపు నుంచి నన్ను మగవాళ్ల గదిలోకి తీసుకెళ్లారు, మేడం పక్క తలుపులోంచి ఆడవాళ్ల వైపు వెళ్లారు. ఆ అమ్మాయి తండ్రి రిటైరైన బడిపంతులు. నా ముందు ఖర్జూరాలు పెట్టి, మీ వైపు వానలు బాగా పడతాయా, వరి ఎన్ని పంటలు తీస్తారు అని అడుగుతూ కూర్చున్నాడు. రిపోర్టు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. లోపలి నుంచి చిన్న శబ్దమైనా రాలేదు. నేను అనుకున్నదానికంటే చాలా ముందే మేడం బయటికి వచ్చేశారు.

కారు హైవే దిగే ఎగ్జిట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక మేడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి ఎప్పుడో వేరే పెళ్లి చేసుకున్నాడట, పిల్లలు కూడా. ఈ అమ్మాయి బడిలో టీచరుగా చేస్తోంది. తర్వాత రెండు మూడు సంబంధాలు వచ్చాయి గానీ, ఆ ఇంటి రక్తంలో ఏదో ఉందన్న మాట అప్పటికే పాకిపోయింది.

"ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఒకటే అడిగింది. నీకు తెలియనప్పుడు, తెలియదని ఎందుకు రాయలేదు, అని."

"మీరేమన్నరు మేడం?"

"నాకు తెలియదన్న సంగతే నాకప్పుడు తెలియలేదమ్మా అన్నాను. అదొక జవాబా?"

నేను ఏదో ఒకటి అనాల్సింది. మీరొక్కరే కాదు కదా, అందరూ సంతకాలు పెట్టారు కదా అని అయినా అనాల్సింది. ముందున్న లారీ కదిలితే దాని వెనకే కారు పోనిచ్చాను.

ఆ తర్వాత మేడం మునుపటి మనిషి కాలేకపోయారు. ప్రతి రిపోర్టు పైనా మొదటి వాక్యంగా, ఈ పోలికలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది రాయడం మొదలుపెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కానీ తేలిన కేసులను కూడా తేలలేదేమోనని మళ్లీ మళ్లీ నడిపించేవారు. చెయ్యి కాల్చుకున్న మనిషి పొయ్యి దగ్గరికి వెళ్లడానికి జంకినట్టు, సంతకం దగ్గర ఆగిపోయేవారు. పైన డాక్టర్లు విసుక్కున్నారు. రిపోర్టు కోసం ఎదురుచూసే తల్లులున్నారు కదా, వాళ్లు విసుక్కోవడంలో న్యాయమూ ఉంది. నేనూ విసుక్కున్నాను. మేడంను పొగడటానికే ఇది రాస్తున్నానని అనుకునేవాళ్లకు ఈ సంగతి కూడా తెలియాలి. ఆమెకు భయం పట్టుకుంది. మా అందరికంటే బాగా పనిచేసిన ఆ చేతులు కొన్నాళ్లకు పనికి రాకుండా పోయాయి. ఇంకా సర్వీసు ఉండగానే ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయించుకుని, అప్పటికే రిటైరై చీరాలలో ఉంటున్న అక్క దగ్గరికి వెళ్లిపోయారు.

ఆమె నెలకో రెండు నెలలకో చేసే ఫోన్లనుబట్టి ఆరోగ్యం అంత బాగోలేదని తెలుస్తూనే ఉండేది. నా సంగతులన్నీ అడిగాక, పెట్టేసే ముందు, ఆ పిల్ల కబురేమైనా తెలిసిందా అని అడిగేవారు. పని లేకుండా రోగి ఫైలు తెరవకూడదని నేర్పింది ఆమే. తెలవది మేడం అనేవాణ్ని. తెరవమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు ఆ నంబరు నుంచి రూతమ్మ గారి గొంతు వినిపించింది. మేడంకు కిడ్నీలు పాడయ్యాయట, నాకు చెప్పొద్దన్నారట. నాకు ఊరెళ్లి రావడానికి వీసా కాగితాలు చేతికందేసరికి అక్కడ అంతా అయిపోయింది.

ఆ మరుసటి రంజాన్‌కు క్లినిక్ నుంచి నన్ను పైకి రమ్మని పిలుపు వచ్చింది. ఒకావిడ తన అన్నతో వచ్చి, మా ఇంటికొచ్చిన హిందీ డాక్టరమ్మను చూడాలని పట్టుబట్టిందట. ఇక్కడ ఇండియా వాళ్లందరూ హిందీలే. వెళ్లి కాగితంలో పేరు చూస్తే ఆ అమ్మాయే. నేను ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి. మేడం లేరని చెప్పాను. ఇన్నా లిల్లాహ్, అందరం దేవుడి వాళ్లమే, అంటూ తల వంచుకుంది.

వాళ్లు వచ్చింది ఆ అన్న కూతురి పెళ్లి గురించి. ఆ పిల్లలోనూ, చేసుకోబోయేవాడిలోనూ ఒక కొత్త తేడా కనిపించింది. ప్రోగ్రామ్ పెద్ద మార్కే వేసింది. ఈ దేశపు జాబితాలో కూడా అది లేదు. కానీ వాళ్లది దక్షిణాన జీజాన్ కొండల వైపు వంశం, ఆ వైపు మనుషులు ఆ జాబితాలో బహు తక్కువ. ఆ సంగతంతా చెప్పి, నాకొచ్చిన అరబ్బీలో "మా నద్రీ" అన్నాను. మాకు తెలియదు అని. ఆమె అన్నకు కోపం వచ్చింది, ఆ మాత్రం దానికి రక్తం ఎందుకు తీశారన్నాడు. ఆమె అతని వైపు తిరిగి, వాళ్లకు తెలియదట, ఇక ఆలోచించుకోవాల్సింది మనమూ పిల్లలూ అని చెప్పింది.

అన్న బయటికి వెళ్లాక ఆమె ఆగి, "మా ఇంటికి వచ్చి తప్పు ఒప్పుకున్న పెద్దమనిషి ఆమె ఒక్కతే. ఆ రోజు నేను ఆమెకు కాఫీ అయినా పోయలేదు. తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో" అంది. గడపలోకి వచ్చిన శత్రువుకైనా కాఫీ పోసే ఇళ్లు ఇవి.

ఈ మాట మేడం చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది. ఇంకొన్నాళ్లు ఎక్కువ బతికేవారని అనను గానీ, తేలిగ్గా పోయేవారు. నాకు ఉండబట్టలేక ఆ సాయంత్రం చీరాలకు ఫోన్ చేశాను. మేడం రాసిన రిపోర్టు వల్ల ఇబ్బంది పడిన ఒకామె వచ్చి మంచిమాట చెప్పి వెళ్లిందని రూతమ్మ గారికి చెప్పాను.

"ఆ పిల్లేనా అయ్యా? మా ఎస్తేరు రోజూ ప్రార్థనలో, రియాద్‌లో ఒక పిల్లుంది ప్రభువా అనేది. పేరు చెప్పవే, నేనూ చేస్తానంటే, పేషెంట్ల పేర్లు బయటికి చెప్పకూడదక్కా, ఆయనకి తెలుసులే అనేది." మళ్లీ ఆవిడే, "ఇప్పుడది లేదుగా. ఇక నేను చెయ్యాలి. పేరు చెప్పు నాయనా" అన్నారు.

పేరు నా నాలుక చివర దాకా వచ్చింది.

"నేను చెప్పొద్దమ్మా. చెప్తే మేడం ఊకోదు."

అవతల రూతమ్మ గారు ఏడుస్తూనే, "అవునులే, ఊరుకోదు" అన్నారు.