పిలవకుండా గడప దాటితే

నాకు ఆ రెండు సీరియళ్ళ మీదా కోపమే. రెండింట్లోనూ మనుషుల మధ్య బతికే రక్తపిశాచులే కథానాయకులు. ఎక్కడో విదేశాల్లో తీసి, తెలుగు గొంతులు తగిలించి మన మీదికి వదిలారు.

వాటిని నాకు అలవాటు చేసింది నా కూతురు. సిరిసిల్లలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. అక్కడే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ళ ఇంట్లో మేడమీది గది అద్దెకు తీసుకుంది. కోరుట్లలో నేనుండే రెండు గదుల వాటాకు ఆదివారం ఆదివారం వచ్చేది. వాళ్ళమ్మ పోయాక మాకు మాట్లాడుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ సీరియళ్ళ మీద పోట్లాడుకోవడమే మా మాట్లాడుకోవడం.

మొదటిదాంట్లో కొండ అంచున పాత బంగ్లా, అందులో చావులేని జమీందారీ కుటుంబం. చిన్నకొడుకు రాత్రంతా పశ్చాత్తాపపడతాడు. ఆ పశ్చాత్తాపం వెండి దీపాల ముందు, పట్టుపరుపు మీద! ఒక్క దీపం అమ్మడు. మేము అమ్మాం. రుద్రంగి దాటాక మా ఊళ్ళో మా దొరల కోట, ఆ గడి టేకు దర్వాజాలు ముందు పోయాయి, తర్వాత దూలాలు పోయాయి. ఇప్పుడు మొండిగోడలున్నాయి. మా తాత ఊరి రక్తం తాగాడని ఆ గోడల మీదే ఎర్రరంగుతో రాశారు. నిజంగా రక్తం తాగేవాడి బొమ్మనేమో ఆడపిల్లలు ఫోన్లలో పెట్టుకుంటున్నారు. ఇదెక్కడి న్యాయం? వాడు ఎవరి రక్తం తాగాడో వాళ్ళ పేర్లు కూడా కథలో ఉండవు. మొదటి సీనులోనే పడిపోతారు.

రెండోదాంట్లో బంగ్లా లేదు. రక్తపిశాచి అపార్టుమెంటులో అద్దెకుంటాడు, నైట్‌డ్యూటీ చేస్తాడు, ఆసుపత్రిలో ప్యాకెట్లు అడిగి తెచ్చుకుని తాగుతాడు. ఇరుగుపొరుగు వాణ్ణి తిట్టినా తల వంచుకుని నమస్కారం పెడతాడు. అది చూస్తే నాకు ఇంకా మంట. తల వంచితే తప్ప క్షమించరా?

రెండింటికీ ఒకటే నియమం: ఇంటివాళ్ళు పిలవకుండా రక్తపిశాచి గడప దాటలేడు. దాటితే ఒళ్ళు కాలిపోతుంది. ఆ ఒక్కటే నాకు సబబుగా తోచింది. ఎదురొచ్చి పిలిస్తేగాని పరాయి గడప తొక్కరాదని మా ఇంట్లోనూ కట్టడి. అప్పటిదాకా నేను ఎన్నడూ తప్పలేదు.

ఒక ఆదివారం నా కూతురు రెండోదే మంచిదంది. నేను మొదటిదే నయమన్నాను, వాడికి కనీసం వెన్నెముక ఉంది.

"నీకు గదెందుకు నచ్చుతదో నాకెరుకే బాపూ. ఆడు బంగ్లా ఇడువడు" అంది. అంతటితో ఊరుకోలేదు. "రెండో ఆయన అడిగి తాగుతడు. మనోళ్ళు ఎన్నడన్న అడిగిండ్రా?"

"గీ మాటలు మాట్లాడేటట్లయితే నా ఇంటికి రాకు" అన్నాను.

రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే పేపర్లు దిద్దుతున్నానంది. టీవీ పెట్టి చూశాను. ఒక్కణ్ణే తిట్టుకుంటూ చూడటంలో పస లేదు. నేనే బస్సెక్కాను. రుద్రంగి తర్వాత మా ఊరి మలుపులో తల తిప్పలేదు, చందుర్తి వచ్చేదాకా అటు చూడలేదు.

సిరిసిల్లలో ఆ ఇంటి ముందు నిలబడ్డాను. వెనక రేకుల షెడ్డులో సాంచాలు మోగుతున్నాయి. ముందు గదిలో ముసలి ఇంటావిడ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ టీవీ చూస్తోంది. చాప మీద నా కూతురు. తెర మీద నా బంగ్లావాడే.

ఇంటావిడ నన్ను చూసింది, చేతులు ఆపలేదు.

"బిడ్డా, మీ బాపు అచ్చిండు. టీవీల పిలగాని లెక్క గడప కాడ నిలవడ్డడు సూడు."

నా కూతురు పకపకా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పిలవనిదే ఎట్ల వస్త?" అన్నాను.

"నేను పిలువ దొరా," అంది ఇంటావిడ. "మా అవ్వగారిల్లు మీ ఊరే. మా అవ్వ చీర నేసి తెచ్చి మీ గడి ముందట పొద్దుందాక నిలవడేదట. ఒక్కలన్న రమ్మన్నరా?"

వెనక్కి తిరిగాను. వీధి మలుపు దాకా వెళ్ళాను కూడా. అక్కడికీ సాంచాల మోత మీంచి నా కూతురి గొంతు గట్టిగా వినిపిస్తూనే ఉంది. బంగ్లావాడిని తిడుతోంది. నేను తిట్టాల్సిన తిట్లవి. పక్కన నేను లేను.

తిరిగొచ్చి చెప్పులు విడిచి, ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నాను.

"ఒళ్ళు కాలుతున్నదా బాపూ?" అంది నా కూతురు, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"కాలుతున్నది" అన్నాను. అబద్ధం కాదు.

ఇంటావిడ చాట పక్కన పెట్టి లేచి, స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగుండ్రి దొరా. నీళ్ళే."

తాగాను. ఆ ముసలిదాని ముందు గొంతు ఎండబెట్టుకోవడం కూడా ఓటమే అనిపించింది. తెర మీద బంగ్లావాడు కిటికీ దగ్గర నిలబడి కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడు.

"దీపాలమ్మురా ముందు!" అన్నాను గట్టిగా.

ఇంటావిడ కిసుక్కున నవ్వింది. నా కూతురు చాప మీద కొంచెం జరిగి నాకు గోడ ఆసరా ఇచ్చింది.

"ఆదివారం నేను కోరుట్లకు రాను," అంది. "నువ్వే రా. గీడ టీవీ పెద్దది."

ఇంటావిడ వైపు చూశాను. ఆమె బీడీకి దారం చుడుతోంది. రమ్మనలేదు, వద్దనలేదు.

"వస్త" అన్నాను. ఆ బంగ్లావాడి మీద నాకున్న కోపం సగం కూడా తీరలేదు.