ఎబ్బీ తాత తూకం

ఎబ్బీ స్కోలీకి ఒకటే పిచ్చి. కనిపించిన ప్రాణినల్లా "ఏం తిన్నావు?" అని అడగాలి, అడిగాక త్రాసెక్కించాలి. ఆ ప్రాణి పెంగ్వినా, పాదిరిగారా అన్నది ఆయనకు లెక్కలోది కాదు.

ఫాక్‌ల్యాండ్ పశ్చిమ దీవిలో మా హెరాన్ కోవ్‌కి జనాభా ఇరవై ఏడు. గొర్రెలు పద్నాలుగు వేలు. ఎబ్బీ తాత బారి నుంచి తప్పించుకున్నవి ఆ గొర్రెలే. "అవెప్పుడూ గడ్డే తింటాయి, అడగడానికేముంది?" అనేవాడు.

నేను బడి పంతులమ్మగా పడవ దిగిన రోజు రేవులో మొదట ఎదురైంది ఆయనే. పొట్టి మనిషి. రెండు చేతులకూ పది వేళ్ళుంటే ఏడింటికి కట్లు.

"ఏం తిన్నావమ్మా?" అన్నాడు, పేరైనా అడక్కుండా.

"తిన్నదంతా దారిలో సముద్రానికిచ్చేశానండీ," అన్నాను నీరసంగా.

"తీరానికెంత దూరాన?"

"ఏమిటండీ?"

"ఎంత దూరాన ఇచ్చావని. అక్కడికి చేపలు చేరతాయి గదా, తెలిసుండాలి."

నవ్వాలో ఏడవాలో నేను తేల్చుకునేలోగా నన్ను ఉన్నిషెడ్డులోకి నడిపించి, ఉన్ని మూటలు తూచే పెద్ద త్రాసు మీద నిలబెట్టేశాడు. "నూట పద్దెనిమిది పౌన్లు. బూట్లు తీసేస్తే నూట పదిహేను. బాగుంది, ఇక పాఠాలు చెప్పుకో," అని సెలవిచ్చాడు.

ప్రతి శనివారం ఊరంతా ఆ షెడ్డులో వరస కట్టాల్సిందే. ఏడాదికోసారి వచ్చే పాదిరిగారినీ వదల్లేదు. బాప్తిస్మం కాగానే ముందు బిడ్డను తూచాడు, తరవాత పాదిరిగారిని.

"కిందటేటికంటే ఆరు పౌన్లు పెరిగారు స్వామీ. ఏ ఊళ్ళో తిన్నారు?"

"అన్ని ఊళ్ళలోనూ పెట్టారు ఎబ్బీ."

"అదీ సంగతి! మీరు దూరం పోయి మేసే జాతి."

ఇక రేడియో సంగతి. రోజూ పొద్దున పదింటికి రాజధాని నుంచి డాక్టరుగారు రేడియోలో పలికేవారు. రోగులు ఎక్కడివాళ్ళక్కణ్ణుంచే తమ బాధలు చెప్పుకునేవారు. దీవుల్లో ప్రతి ఇల్లూ టీ కప్పు పట్టుకుని ఆ బాధలన్నీ వినేది. ఎవరికి మలబద్ధకమో, ఎవరి కాలివేలు వాచిందో అందరికీ తెలుసు. అలా ఒకరోజు ఎవరికో కడుపునొప్పని డాక్టరుగారు మందు చెబుతుంటే మధ్యలో ఎబ్బీ తాత గొంతు మోగింది: "ముందు వాడేం తిన్నాడో అడగండి డాక్టరుగారూ!" ఆ తరవాత రాజధాని నుంచి ఆయనకు మూడుసార్లు హెచ్చరికలు వచ్చాయి. మూడో హెచ్చరిక చదివిన గుమస్తాని కూడా ఏం తిన్నావని అడిగాడట.

అసలీ పిచ్చి పెంగ్విన్లతో మొదలైంది. మా తీరాన మూడు జాతులు గూళ్ళు పెడతాయి. ఇసుక తీరం వెనక పచ్చికలో జెంటూలు. కొండకొమ్ము మీద పసుపు కనుబొమల రాకీలు. వాలులో బొరియలు తవ్వుకుని, అచ్చం గాడిదల్లా ఓండ్రపెట్టేవి మూడో రకం. వాటిని మేం గాడిదలనే అంటాం.

"మూడు జాతులు, ఒకటే సముద్రం," అనేవాడు ఎబ్బీ తాత. "ముద్ద దగ్గర అవి కొట్టుకోగా చూశావా?"

"లేదు తాతా."

"మరి ఊరంతా కలిసి తినే మన వంటసాలలో?"

"రోజూ చూస్తున్నాను."

"అందుకే పక్షుల్ని చూడాలంటాను!"

పదకొండు వేసవులుగా ఆయన చూస్తూనే ఉన్నాడు. ఏవి ఎప్పుడు నీళ్ళలోకి దిగుతున్నాయి, ఎప్పుడొస్తున్నాయి, పిల్లల నోట్లో ఏం పెడుతున్నాయి? జెంటూలు తెల్లవారగానే పోతాయి, ఒడ్డుకు దగ్గర్లోనే అడుక్కంటా మునిగి చేపలు పడతాయి, సాయంత్రానికి ఇల్లు చేరతాయి. రాకీలు కనుచూపు దాటిపోయి పైపై నీళ్ళలో చిట్టి రొయ్యలూ, చిన్న స్క్విడ్లూ ఏరుకుంటాయి. అవి ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. పొదిగే రోజుల్లో అయితే వారాల తరబడి రావు. గాడిదలది ఈ రెంటికీ మధ్య దారి. పిల్ల నోట్లోంచి జారిన ముక్కను చూసి అది ఎంత లోతులో దొరికిందో చెప్పేవాడు. గోనెసంచిలో పెట్టి, కొక్కేనికి తగిలించి ఒక్కొక్క పక్షినీ తూచేవాడు. ఆ వేళ్ళ కట్లు వాటి ముక్కుల పుణ్యమే.

నా రెండో వేసవిలో ఆయన పక్షుల కాపలాకు ఇద్దర్ని తీసుకున్నాడు. ఒకరు నేను. రెండోది మోర్నా, నలభై దాటిన మనిషి. ఆమె భర్త ఇయన్ గొర్రెల్ని పక్క దీవికి చేర్చే పడవలో పోయి తిరిగి రాలేదు. సన్నగా, చప్పుడు లేకుండా తిరిగేది.

కాపలాకు ఒకటే నియమం. తినకుండా ఎవరూ పక్షుల్ని చూడకూడదు. "ఖాళీ కడుపుతో చూస్తే రెండు పక్షులు నాలుగవుతాయి. నా పదకొండేళ్ళ కష్టం మట్టిపాలవుతుంది," అని మటన్ ముక్కలు పెట్టిన రొట్టె, బన్ను, ఫ్లాస్కు నిండా టీ చేతికిచ్చేవాడు. మేం చివరి ముక్క మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

తాను గాడిదల వాలు తీసుకున్నాడు. మోర్నాకి జెంటూల ఇసుక తీరం. నాకు రాకీల కొండకొమ్ము. అక్కడ గాలి మనిషిని నిలబడనివ్వదు. వారం తిరక్కుండానే పోట్లాటకు దిగాను.

"ఇదేం న్యాయం తాతా? ఆమెకి ఎండ, చాటుకో రాయి, కాళ్ళ కింద మెత్తని ఇసుక. నాకేమో ఆ కొండ! నిన్న నా టోపీ ఆఫ్రికా వెళ్ళిపోయింది."

"నీ తూకం బాగుందిలే. నువ్వు మాత్రం ఎక్కడికీ పోవు."

"పోనీ రోజు మార్చి రోజు?"

"మార్చను," అన్నాడు. అంత ముక్కుసూటిగా ఆయన కాదనడం అదే మొదటిసారి. పంతులమ్మనన్న గౌరవమైనా లేదని రెండు రోజులు మాట్లాడ్డం మానేశాను.

ఆ శనివారమే కొంప మునిగింది. మా గొర్రెల ఫారం నడిపే టల్లాక్ దొరగారి భార్య త్రాసెక్కింది. ఎబ్బీ తాత ముల్లు చూసి, షెడ్డు దద్దరిల్లేలా, "పదకొండు పౌన్లు పెరిగారమ్మగారూ! అభినందనలు!" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మర్నాటికల్లా ఉన్నిషెడ్డుకి తాళం పడింది. "అది ఉన్ని తూచే త్రాసు, ఆడవాళ్ళని తూచేది కాదు," అని దొరగారు ప్రకటించారు.

ఊరు ఊపిరి పీల్చుకుంది. ఎబ్బీ తాత మాత్రం పాలిపోయాడు. పెంగ్విన్ వేలు కొరికినా నవ్వే మనిషి దొరగారి గుమ్మానికి మూడుసార్లు తిరిగాడు, మూడుసార్లూ తల వంచుకుని వచ్చాడు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది. వాలు దగ్గరికెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"పోనిద్దూ తాతా. పక్షులు తూచుకునే కొక్కెం ఉంది గదా."

"అది మోర్నాని మోయదమ్మా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఇయన్ పోయిన వారం మోర్నా గుమ్మానికి ఏడు మటన్ కాళ్ళు వేలాడాయి, అందరూ ఒక్కసారే ఎగబడి తెచ్చారు. మరుసటి వారం నుంచి ఎవరూ రాలేదు. ఆమె ఆ మాంసమంతా కుక్కలకు వేసి, తాను టీతో సరిపెట్టుకుంది.

"డాక్టరుతో మాట్లాడమన్నాను. 'రేడియోలోనా? నా ఏడుపుని దీవులన్నీ టీలో నంజుకోవాలా?' అంది. ఆమె మాటా నిజమే. ఎంత చిక్కిపోతోందో చూద్దామంటే, ఒక్కదాన్నే తూస్తే సిగ్గుపడి తలుపు బిడాయించుకుంటుంది. అందుకని..."

"అందుకని?"

"అందర్నీ తూచాను. నాలుగేళ్ళుగా."



"మరి ఆ జెంటూల తీరం?"

"జెంటూలు పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేస్తాయి తల్లీ. రాకీలు అలా కాదు, ఎదురు చూసి చూసి కళ్ళు కాయలు కాస్తాయి. సముద్రంలోకి పోయినవాళ్ళు ఇంటికి రావడం ఆమె రోజూ చూడాలి. మరి ఆ తీరం నీకెలా ఇవ్వను? టోపీ సంగతి... క్షమించు."

నేను అక్కణ్ణుంచి తిన్నగా దొరగారింటికి వెళ్ళి విన్నదంతా చెప్పాను. దొరగారు గొంతు సవరించుకుంటుండగానే అమ్మగారు మేకుకున్న తాళంచెవి ఊడబెరుక్కుని బయల్దేరింది. శనివారం అందరికంటే ముందు తనే త్రాసెక్కింది.

"గట్టిగా చదువు ఎబ్బీ! బయట గొర్రెలకు కూడా వినపడాలి," అంది.

"పన్నెండు, అమ్మగారూ!"

"పన్నెండైతే పన్నెండే," అని ఆవిడ నడుం మీద చేతులేసుకుని ఊరందరినీ కలియజూసింది. ఈసారి ఎవరూ కిసుక్కుమనలేదు. ఆమె వెనకే దొరగారు, ఆయన వెనక నేను, నా వెనక, ఏమీ ఎరగని మోర్నా.

ఆ తరవాతి సంవత్సరాల్లో మోర్నా కాస్త ఒళ్ళు చేసింది, వంటసాల బాధ్యత తీసుకుంది. ఒకరోజు పిండి పిసుకుతూ నాతో నవ్వుతూ అంది: "నీకో మాట చెప్పనా? మొదట్లో నేను కోటు జేబుల్లో గులకరాళ్ళు వేసుకుని త్రాసెక్కేదాన్ని. తూకం తగ్గితే పాపం, ఆ ముసలాయన మొహం చిన్నబోయేది. చూడలేకపోయేదాన్ని."

నేను ఆగలేక పరుగున ఆయన దగ్గరికెళ్ళాను.

"తాతా! మోర్నా నిన్ను మోసం చేసింది!"

"రాళ్ళా?" అన్నాడు, గోనెసంచిలోని పక్షి ముక్కు తప్పించుకుంటూ. "తెలుసు. గలగలమనేవి గదా. పెంగ్విన్లు కూడా గులకరాళ్ళు మింగుతాయి. రాళ్ళు తీసేసి తూకం కట్టడం నాకు అలవాటే."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"ఎందుకూ? నేను బెంగపడతానని రాళ్ళు మోసిన మనిషి, ఎప్పటికైనా నా కోసం ఓ ముద్ద తినకపోదనుకున్నాను." సంచి దించి ఒక్క క్షణం సముద్రం వైపు చూశాడు. "ఓ శనివారం గలగల లేదు. ముల్లు మాత్రం కిందటి వారం ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళి, తలుపేసుకుని, ఒక్కణ్ణే డాన్సు చేశాను పంతులమ్మా. ఎవరితోనూ అనకు."

అననని మాటిచ్చాను. ఇన్నేళ్ళు ఆగాను, అది చాలదూ?