మోచేతికి బెత్తెడు కింద

"ఒక్కపూట పనేనట! విన్నావా అమ్మాయ్, ఒక్కపూట పనేనట. నిన్న భోజనాల దగ్గర ఆయనే స్వయంగా సెలవిచ్చారు. రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తాడట, మధ్యాహ్నానికల్లా వంటగట్టు కిందికి దిగిపోతుందట, సాయంత్రం టీ దానిమీదే కాచుకోవచ్చట. మరి ఇన్నేళ్ళూ ఆ ఒక్కపూట ఎక్కడికి పోయిందో అడుగు. నువ్వు అడగవులే. నేనూ అడగలేదు."

టైలరమ్మ పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా తడబడకుండా మాట్లాడగలదు. పక్కవాటాలో అద్దెకుండే అమ్మాయి జిప్పు ఊడిన సంచీ తెచ్చిచ్చి, మెట్లకింద ఇరుకులో, మెషిన్ పక్కనే కూర్చుంది. కొత్త జిప్పు వెయ్యడం ఎంతసేపు! కానీ ముందు పాత కుట్లు విప్పాలి. టైలరమ్మ ఒక్కో కుట్టూ తెంపుతూ ఒక్కో మాటా తీస్తోంది. వినేవాళ్ళకీ తొందరేం లేదు.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే. పేరుపెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి చాలాకాలమైంది. మనిషి పొట్టి. "పొట్టి కాదు, పొదుపు. నాకు గుడ్డ తక్కువ పడుతుంది" అంటుంది తనే. గుమ్మం దాటి మనిషి లోపలికి వచ్చేలోపే భుజం ఎంత, చెయ్యి పొడుగెంత కంటితో కొలిచేస్తుంది. టేపు తీసేది మర్యాదకే. "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు" అని నవ్వుతూ అంటుంది. వచ్చినవాళ్ళు కాదంటారు. టేపు అవునంటుంది. ఊళ్ళో ఇంతమందికి కొలతలు తీసిన మనిషి, తన కొలత ఎవరూ తియ్యలేదన్న ఒక్క సంగతి దగ్గర మాత్రం ఇప్పటికీ ముడి విప్పుకోలేకపోతోంది.

ఇల్లు వాళ్ళు కొనేనాటికే పాతది. వాన పడితే ముందుగదిలో గిన్నెలు పెట్టాలి. తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే ఒళ్ళు జలదరించేది. స్నానాలగది తలుపు మూయాలంటే భుజంతో నెట్టాలి, తియ్యాలంటే లోపలున్నవాళ్ళు కేకెయ్యాలి. అన్నిటికంటే వంటిల్లు. ముందున్నవాళ్ళు ఏ పీటమీద కూర్చుని వండుకునేవారో, పొయ్యిగట్టు మోకాళ్ళకి కాస్త పైన ఉండేది. టైలరమ్మ పగలంతా మెషిన్ మీద ఒంగి, లేచొచ్చి పొయ్యి మీద ఒంగేది. "నిటారుగా నిలబడి చేసుకునే పని ఒక్కటైనా ఉండాలి కదమ్మా మనిషికి" అంటుంది.

ఇల్లంతా బాగుచేయించాలని నిర్ణయించుకున్నాక ప్లాను గీసింది ఆమే. ఇంజనీరు లేడు, గింజనీరు లేడు. కటింగులకి వాడే ఖాకీ కాగితం నేలమీద పరిచి, మార్కింగు సుద్దతో గదులు గీసింది. కుట్టుకి అర అంగుళం వదిలినట్టు తలుపులు తెరుచుకోవడానికి చోటు వదిలింది. నీళ్ళ పైపు ఎటు పోవాలి, బట్టలారేసే తీగ ఎక్కడ కట్టాలి, వంటింటి కిటికీ ఎటు తెరుచుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి.

ఆయన బస్సు డిపోలో స్టోర్‌కీపరు. ఏ బోల్టు ఏ అరలో ఉందో, దాని సైజెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారట. కాగితం చూసి, "ఏంటిది? ఇల్లా, పైజామానా?" అన్నారు.

"ఏదైతేనేం, మీకు సరిపోతే చాలు" అంది ఆమె.

ఆ ఉత్సాహంలోనే ఒక్క మాట అడిగింది. "ఏమండీ, రంగులు మీ ఇష్టం. టైల్సు మీ ఇష్టం. గుమ్మానికి ఏ తలుపు పెట్టుకుంటారో పెట్టుకోండి. వంటగట్టు మాత్రం నా ఎత్తుకి కట్టించాలి."

"అంతేనా? ఇంకేం అడుగుతావో అని హడలిపోయాను" అని నవ్వారాయన.

పని మొదలయ్యాక ఇల్లు ఇల్లులా లేదు. కప్పు పెచ్చులు ఊడగొట్టారు, గచ్చు తవ్వేశారు, గోడల్లో గాడులు కొట్టి వైర్లు లాగారు. వెనకాల టార్పాలిన్ కట్టుకుని స్టవ్వు పెట్టుకున్నారు. మెషిన్‌కి పాతదుప్పటి చుట్టినా సిమెంటు దుమ్ము షటిల్లో దూరి కరకరమనేది. పళ్ళెంలో దుమ్ము, పక్కలో దుమ్ము, తలదువ్వుకుంటే దుమ్ము. అయినా ఆమెకి కష్టమనిపించలేదు. రోజూ సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక, కట్టీకట్టని వంటింట్లో ఒక్కతే నిలబడి, గట్టు ఉండబోయే చోట చేతులు గాల్లో పెట్టి కూర కలిపినట్టు కలిపి చూసుకునేది. పిచ్చిదని ఎవరైనా అనుకుంటారేమోనని అటూ ఇటూ చూసేది కూడా.

అప్పుడే ఆయన అక్క వచ్చింది. "తమ్ముడు ఇల్లు తవ్వుకుంటున్నాడు, దగ్గర మనిషి లేకపోతే పనివాళ్ళు మోసం చేస్తారు" అని పెట్టె సర్దుకుని మరీ వచ్చింది. భర్త పోయిన మనిషి, కొడుకూ కోడలితో పొసగడం లేదని అందరికీ తెలుసు. టైలరమ్మ జాలిపడింది. మంచం వేసింది. నిలువెత్తు మనిషి వదిన, గుమ్మాల్లో తల వంచి నడిచే మనిషి. ఎక్కడైనా నిలబడితే అక్కడ వెలుతురు తగ్గినట్టుండేది.

మేస్త్రీ నిదానస్తుడు. గట్టు కట్టేముందురోజు టైలరమ్మకి చెప్పాడు, "అమ్మా, రేపు మీరు ఉండాలి. వండే మనిషి నిలబడి మోచెయ్యి వంచితే, దానికి బెత్తెడు కింద రాయి రావాలి. ఎక్కువైతే భుజాలు పోతాయి, తక్కువైతే నడుం పోతుంది. కొలత మనిషి మీదే తియ్యాలి."

"మా వృత్తీ అదేనయ్యా" అంది ఆమె సంతోషంగా.

కానీ మర్నాడు స్కూలు యూనిఫారాలకి కొలతలిచ్చే రోజు. వాయిదా వేస్తే ఆర్డరు ఇంకో టైలరుకి పోతుంది. వెళ్ళేముందు ఆయనకి ఒకటికి రెండుసార్లు చెప్పింది. "నేను వచ్చేదాకా గట్టు ముట్టుకోవద్దనండి. మిగతా పని చూసుకోమనండి." ఆయన పేపరు చూస్తూ, "అలాగే, అలాగే" అన్నారు.

స్కూల్లో పిల్లలు వరసకట్టి నిలబడితే ఒక్కొక్కరికీ భుజం, నడుము, పొడుగు తీసింది. మెలికలు తిరిగే పిల్లల్ని గదిమింది. "తిన్నగా నిలబడు, లేకపోతే నీ నిక్కరు కూడా మెలికలు తిరుగుతుంది" అని నవ్వించింది. చేతులు పడిపోయేలా పనిచేసి, వీధి మలుపులోనే చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా నడుస్తూ ఇంటికొచ్చింది.

గట్టు ఇటుకలు లేచిపోయి ఉన్నాయి. పైన రాయి ఇంకా పెట్టలేదు. ఆమె దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టింది. ఇటుక అంచు రొమ్ముకి ఆనుతోంది. మోచెయ్యి వంచితే చాలదు, భుజం పైకెత్తాలి.

"మేస్త్రీ! ఎవరి కొలతయ్యా ఇది?"

మేస్త్రీ తాపీ తుడుచుకుంటూ ఆయన వైపు చూశాడు. "వండే ఆవిడదేనమ్మా. ఎవరు వండుతారు, వచ్చి నిలబడండి అన్నాను. అయ్యగారు ఈ అమ్మగారిని పిలిచారు." వదిన వైపు చూపించాడు.

ఆయన నేలమీదున్న ఇటుకముక్కని కాలితో పక్కకి జరిపారు. "సిమెంటు కలిపేశారు. గట్టిపడిపోతుందన్నారు. అక్క ఉంది కదా అని నిలబడమన్నాను."

"అక్క ఉన్నది పని అయ్యేదాకే కదండీ?"

వదినే మాట్లాడింది. "వాడు నీకింకా చెప్పలేదా? నేనింక ఇక్కడే ఉంటానమ్మా. వాడే రమ్మన్నాడు. నువ్వు పొద్దస్తమానం మెషిన్ మీదే ఉంటావుగా, వంట నేను చూసుకుంటాను."

ఇంట్లో ఇంకో మనిషి చేరబోతోందన్న సంగతి టైలరమ్మకి అలా తెలిసింది. ఇటుకల ఎత్తు చూసి.

"ఉండండి వదినా, కాదనను" అంది. "ఆ పైన రెండు వరసలు తీసెయ్యండి మేస్త్రీ. పచ్చిగానే ఉంది కదా."

అంతే, వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను రావడం ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పు. ఇటుకల మీద ఎందుకు చూపిస్తావు?"

ఆయన గొంతు తగ్గించి, "పరాయివాళ్ళ ముందు పరువు తియ్యకు. రాయి సైజుకి కోసేశారు, పైపు పెట్టేశారు. ఇప్పుడు కదిలిస్తే మొత్తం విరుగుతుంది" అన్నారు.

రాయి కొయ్యడమూ పైపు పెట్టడమూ మర్నాడు జరిగాయి. టైలరమ్మ మెషిన్ దుప్పటి విప్పి, దుమ్ము ఊది, తొక్కడం మొదలుపెట్టింది. ఆమె గీసిన ఖాకీ కాగితం రంగుల డబ్బాల కింద పరిచి కనిపించింది ఆ వారంలోనే. దాని మీద ముదురాకుపచ్చ మరక పడింది. తీసి చించలేదు, దాచలేదు. అక్కడే వదిలేసింది.

ఇల్లు మాత్రం అందంగా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. చూడవచ్చినవాళ్ళు వంటింట్లో నిలబడి, "క్యాలెండరు బొమ్మలా ఉందండీ" అన్నారు. ముందుగది కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని వదిన మంచం అక్కడ వేశారు. మెషిన్ మెట్లకిందికి వచ్చింది. వదిన వంట చేసింది కూడా, అబద్ధమెందుకు, ఆ ఏడాది వానలు మొదలయ్యేదాకా చేసింది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి టైలరమ్మ చేతికే వచ్చింది.

అప్పుడు ఆయన మిగిలిన తలుపుచెక్కతో వడ్రంగి దగ్గర ఒక పీట చేయించుకొచ్చారు. వార్నిష్ కూడా కొట్టించారు. "చూడు, ప్రత్యేకంగా నీకోసం. దీనిమీద నిలబడితే సరి" అని మురిసిపోతూ చూపించారు. ఆ ఇంటి పనంతటిలో ఆమె పేరు చెప్పి చేయించిన వస్తువు అదొక్కటే.

"ఎక్కాలి, దిగాలి. పొయ్యి దగ్గర ఎక్కాలి, పంపు దగ్గరికి దిగి, పీట కాలితో తోసుకుని, మళ్ళీ ఎక్కాలి. చేతిలో మరిగే గిన్నె ఉంటే కాలికింద పీట ఎక్కడుందో తడుముకోవాలి. పీట వద్దనుకుని కింద నిలబడితే ఈ భుజం. ఇదిగో, ఇంతకంటే పైకి లేవదు. చేతులెత్తి చేసే పని మానెయ్యండి అన్నాడు డాక్టరు. ఏది మానను? వంట మానలేను కదా. కుట్టు తగ్గించాను. ఇప్పుడు చూస్తున్నావుగా, జిప్పులూ గుండీలూ. స్కూలు ఆర్డరు ఆ ఇంకో టైలరుకే పోయింది."

గట్టు మార్పించమని ఆమె అడగకపోలేదు. అడిగినప్పుడల్లా రాయి విరిగేది. ఆయన మాటల్లోనే విరిగేది. పైపు పగిలేది, టైల్సు రాలిపోయేవి, అలాంటి టైల్సు ఇప్పుడు మార్కెట్లో దొరికేవి కావు. కొన్నాళ్ళకి ఆయన, "నీకు అలవాటైపోయిందిగా" అనడం మొదలుపెట్టారు.

మొన్నామధ్య వదిన మోకాళ్ళకి ఏదో వైద్యం కుదిరింది. నిన్న భోజనాల దగ్గర నెమ్మదిగా అంది: "ఒరేయ్, ఊరికే కూర్చుంటే పొద్దుపోవడం లేదురా. ఆ గట్టు కాస్త కిందికి దింపిస్తే కుర్చీలో కూర్చునే వండేస్తాను."

"దాందేముంది అక్కా! ఒక్కపూట పని. రాయి ఎత్తి, నాలుగు వరసలు తీసి, మళ్ళీ పెట్టెయ్యడమే" అన్నారాయన, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా.

వడ్డిస్తున్న గరిట టైలరమ్మ చేతిలో ఆగిపోయింది. ఆయన గమనించలేదు. "ఇంకాస్త కూర వెయ్యి" అన్నారు.

"అర్థమైందా అమ్మాయ్? రేపు కుర్చీ వేసి కొలత తీస్తారు. మా వదిన నాలుగురోజులు వండుతుంది, కాదనను, మంచి మనిషే. ఐదోరోజు మోకాళ్ళు. మళ్ళీ నేనే. ఇన్నాళ్ళూ ఎక్కాను, ఇక ఒంగాలి. ఇల్లు కొన్నప్పుడు ఎలా ఒంగానో అలాగే. మధ్యలో ఇంత సిమెంటు ఎందుకు దండగ చేసినట్టో!"

జిప్పు అయిపోయింది. ఆమె దాన్ని రెండుసార్లు లాగి చూసి సంచీ పక్కన పెట్టింది. మెషిన్ సొరుగులోంచి తెల్లటి మందపాటి నూలుదారం ఉండ తీసి లేచింది. చెప్పులు విడిచి, మెట్లకింద గోడకి వీపు ఆనించి నిటారుగా నిలబడింది.

"నీకు పుణ్యముంటుంది, ఈ కొన నా మడమ దగ్గర నేలకి తగిలేలా నొక్కి పట్టు. నా కొలత నేను తీసుకుంటే ఒంగుతాను, తప్పొస్తుంది. మీదికి లాగు. మోచెయ్యి వంచాను చూడు, అక్కడిదాకా. ఇప్పుడు బెత్తెడు కిందికి. నా బెత్తెడే, నీది కాదు. ఆఁ, అక్కడ పట్టుకో."

అక్కడ ముడి వేసింది. పళ్ళతో దారం తెంపింది. వేలికి చుట్టి, చిన్న గుడ్డముక్కలో పెట్టి అమ్మాయి చేతిలో పెట్టింది. ముందుగదిలోంచి వదిన దగ్గు వినిపించింది. టైలరమ్మ గొంతు తగ్గించింది.

"మేస్త్రీ ఇల్లు నువ్వు బజారుకెళ్ళే దారిలోనే, రేకుల గేటు. ఇది అతని చేతికే ఇవ్వు, ఇంకెవరికీ ఇవ్వకు. అంకె చెప్పకు, అంకెదేముంది, ఎవరిదైనా అనుకుంటాడు. ఆరోజు వండే ఆవిడ ఎవరు అని అడిగావే, ఆవిడ పంపింది అని చెప్పు. రేపు కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా అలాగే తలాడించమను. గీత మాత్రం ఈ ముడి దగ్గర గీయమను. ఆయన అరిస్తే నేను పక్కనే ఉంటాను, ఈసారి ఏ స్కూలుకీ పోను. వెళ్ళు, వాన వచ్చేలా ఉంది. సంచీలో అడుక్కి పెట్టుకో, తడవనివ్వకు. నూలుదారం తడిస్తే కురచైపోతుంది. నేనిప్పటికే సరిపడా కురచ."