మా తాత బిగించిన హీటరు

మా తాత క్లారీ ట్రెంబాత్ ఆస్ట్రేలియాలోని బల్లారట్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు ఫిట్టరు. అందుకని కుళాయి కారినా, కారు మొరాయించినా బయటి మనిషిని గడప తొక్కనివ్వడు. ఆయన చేతిలో బాగుపడ్డవెన్నో, చచ్చిపోయినవెన్నో మా నానమ్మ మావిస్ చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. అంత పెద్ద లెక్కలు నాకు రావు.

ఆ జూలై చలికి ముందు హాల్లోని గ్యాస్ హీటరుకు లైసెన్సున్న ఫిట్టర్ని పిలవమని నానమ్మ పోరింది. తాత వినలేదు. తనే మూత విప్పి, దుమ్ము దులిపి, బిగించేశాడు. పైపు అతుకులకు సబ్బు నురగ రాస్తే ఒక్క బుడగా లేవలేదు. ఇక లీకు లేదని ధీమా. చలిగాలి రాకుండా గోడల్లోని గాలి కంతలన్నిటికీ టేపు కూడా అంటించాడు.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి తాత వంటింట్లో మాంసం ముక్కలు వేయిస్తున్నాడు. పొయ్యి మీది ఫ్యాను హోరుమంటోంది. నానమ్మ హీటరు పక్కన కుర్చీలో వాలి ఉంది.

"ఏంటి నానమ్మా, తిండికి ముందే కునుకా?"

"తల... పగిలిపోతోందే." మాట ముద్దగా వచ్చింది. లేవబోయి కూలబడింది.

"తాతా! నానమ్మకేదో అయింది!"

"వంట మొదలెట్టినప్పట్నుంచీ అదే నస. నాకూ ఉంది తలనొప్పి, నేనేమైనా గోల చేస్తున్నానా?"

ఇద్దరికీనా? నేను పనిచేసే బేకరీలో పొయ్యి పక్కన గోడకు ఒక కాగితం ఉంటుంది. ఒకే ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అది కార్బన్ మోనాక్సైడ్ విషం కావచ్చని అందులో ఉంది.

"హీటరు ఆపు తాతా! తలుపులు తియ్యి!"

"పిచ్చిదానా, లీకైతే వాసన రాదూ? సబ్బుతో చూశాగా!"

"వాసనొచ్చేది గ్యాసుకి. అది మండగా వచ్చే విషానికి వాసనుండదు!"

నానమ్మ చంకల కింద చేతులు వేసి ఈడ్చాను. ఆవిడ తల నా మోచేతి మీదికి వాలిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. గడప దగ్గర కాలు ఇరుక్కుంది. విడిపించి పెరట్లోకి లాగాను. వెనక్కి తిరిగితే తాత గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండడుగులు వేసి మోకాళ్ళ మీద పడ్డాడు.

"పాకు తాతా! పాకు!"

పాకాడు. నేను ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి, హీటరూ పొయ్యీ కట్టేసి, బయటికొచ్చి అంబులెన్సుకు ఫోన్ చేశాను.

అంబులెన్సు వెంటే అగ్నిమాపక బండి కూడా వచ్చింది. గాలిలో విషం కొలిచే మీటరు పట్టుకుని లోపలికెళ్ళినతను బయటికొచ్చి అవునన్నట్టు తల ఊపాడు. వంటింటి ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే, కంతలు మూసేశాక లోపలికి గాలి వచ్చే దారి లేదు కదా. హీటరు గొట్టంలోంచి బయటికి పోవలసిన పొగను వెనక్కి, ఇంట్లోకే లాగిందట.

"హీటరు మీద పని చేసిందెవరు?" అన్నాడు.

నేను నేల చూపులు చూశాను. తాత నెపం హీటరు తయారుచేసినవాడి మీదికి తోస్తాడనుకున్నాను. తాత తప్పు ఒప్పుకోగా మా ఇంట్లో విన్నవాళ్ళు లేరు. ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు.

"నేనే. విప్పిందీ నేనే, టేపు వేసిందీ నేనే. రాసుకోండి." స్ట్రెచర్ వైపు తిరిగాడు. "మావిస్ బతుకుతుందా?"

స్ట్రెచర్ మీద నానమ్మ వేలు కదిలింది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"విన్నాలే క్లారీ," అంది మాస్కులోంచి. "ముందు ఆ మాస్కు పెట్టుకో."

మా తాత వెంటనే పెట్టుకున్నాడు.